నియమం, మూల్యం, శేషం: ఏడాది పాటు సాగిన అద్భుత, వైజ్ఞానిక కల్పనల పఠనం – ఒక పునరవలోకనం

వ్యాససంగ్రహం

తెలుగు సాహిత్య విమర్శలో వాస్తవికతకు దక్కిన స్థానం అద్భుత కల్పనకు గాని, వైజ్ఞానిక కల్పనకు గాని దక్కలేదు. మొదటిదాన్ని బాలసాహిత్యంగా, రెండవదాన్ని కాలక్షేప సాహిత్యంగా పక్కన పెట్టడం మనకు అలవాటైంది. ఒక విద్యాసంవత్సరం పాటు ఈ రెండు కోవల రచనలను వరుసగా చదివిన అనుభవం ఈ వ్యాసానికి ఆధారం. అద్భుతాన్ని అంచనా కట్టడానికి నియమం, మూల్యం, శేషం అనే మూడు ప్రమాణాలను ఇందులో ప్రతిపాదిస్తున్నాను. కళాపూర్ణోదయం, చందమామ ధారావాహికలు, విశ్వనాథ వారి 'హాహాహూహూ', రొకేయా సఖావత్ హుస్సేన్ 'సుల్తానాస్ డ్రీమ్', మేరీ షెల్లీ, ఉర్సులా లెగ్విన్, టెడ్ చియాంగ్ రచనలు, కొన్ని తెలుగు చలనచిత్రాల ఆధారంగా ఆ ప్రమాణాలు ఎక్కడ పనికివస్తాయో, ఎక్కడ చాలవో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: అద్భుత రసం, అద్భుత కల్పన, వైజ్ఞానిక కల్పన, కళాపూర్ణోదయం, చందమామ, సామాజిక ప్రయోజనం, విమర్శ ప్రమాణాలు.

1. ఉపోద్ఘాతం

ఈ పఠనానికి మూలం ఒక సమావేశం. పరిశోధనాంశాల ఎంపిక కోసం జరిగిన ఆ సమావేశంలో ఒక విద్యార్థిని చందమామ ధారావాహికలలోని అద్భుత కల్పనను తన అంశంగా ప్రతిపాదించింది. ప్రతిపాదన పూర్తిగా వినకముందే ఒక ప్రశ్న వచ్చింది: "ఇందులో సామాజిక ప్రయోజనం ఏముంది?" ఆమె తడబడింది. అక్కడ కూర్చున్నవారిలో నేనూ ఒకరిని. నాకూ వెంటనే సమాధానం తోచలేదు. తోచకపోవడం ఒక లోపమైతే, తోచలేదని ఒప్పుకోకుండా మౌనంగా తల ఊపడం అంతకన్నా పెద్ద లోపం. ఆ విద్యార్థిని అంశం మార్చుకున్నది. ఇప్పుడు వేరొక అంశంపై శ్రద్ధగానే పనిచేస్తున్నది. ఆ ప్రశ్న మాత్రం నాతో ఉండిపోయింది.

జూన్‌లో కళాశాల తెరిచిన నాటి నుండి మే సెలవుల దాకా, పాఠాలకు కావలసినవి తప్ప, అద్భుత కల్పనలూ వైజ్ఞానిక కల్పనలూ మాత్రమే చదవాలని నిర్ణయించుకున్నాను. బాల్యంలో చదివినవాటిని మళ్ళీ చదివాను. పరీక్షల కోసం చదివినవాటిని పరీక్ష లేకుండా చదివాను. ఇంగ్లీషులో ఉన్న కొన్నింటిని తొలిసారి చదివాను. చదివిన ప్రతి రచనకూ ఒక పుట చొప్పున రాసుకున్న నోటు పుస్తకం ఏడాది చివర తిరగేస్తే, మొదట్లో నేను నమ్మిన రెండు అభిప్రాయాలు నిలవలేదని తేలింది. వాటిలో మొదటిది: తెలుగులో అద్భుతం పుష్కలం, వైజ్ఞానిక కల్పన మాత్రం మనకు పరాయిది. రెండవది: సూరన కాలంతో ఆడిన ఆట చూస్తే ఆయనను ఈ కోవకు పూర్వికుడిగా ప్రకటించవచ్చు. ఇవి ఎందుకు నిలవలేదో చెప్పడమే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం.

2. పరిభాష, ప్రమాణాలు

భారతీయ అలంకారశాస్త్రంలో అద్భుతం గౌణమైన విషయం కాదు. భరతుడు చెప్పిన ఎనిమిది రసాలలో అది ఒకటి; విస్మయం దాని స్థాయిభావం. నాటకపు ముగింపైన నిర్వహణ సంధిలో అద్భుత రసం ఉండాలని భరతుడే విధించాడు. అన్ని రసాలకూ సారం చమత్కారమే కనుక అద్భుతమే మూలరసమన్న తన పూర్వికుడు నారాయణుడి అభిప్రాయాన్ని సాహిత్యదర్పణకర్త విశ్వనాథుడు ప్రస్తావించాడు. ఇంత గౌరవం ఉన్న రసం ఆధునిక విమర్శలోకి వచ్చేసరికి పిల్లల గదిలోకి ఎలా చేరిందన్నది ఆలోచించదగిన విషయం.

పాశ్చాత్య విమర్శలో మూడు మాటలు ఈ చర్చకు అక్కరకు వస్తాయి. జరిగింది సహజమా, అతీతమా అని పాఠకుడు తేల్చుకోలేని సందిగ్ధంలోనే అద్భుతం ఉంటుందని 1970లో త్స్వెతాన్ తొదొరోవ్ ప్రతిపాదించాడు. లోపల పొందిక చెడనంత వరకు పాఠకుడు కల్పిత లోకాన్ని నమ్ముతాడని, ఆ పొందిక చెడిన క్షణాన లోకం మొత్తం కూలుతుందని టోల్కీన్ వాదించాడు. వైజ్ఞానిక కల్పన మన లోకాన్ని మనకే కొత్తగా, అయితే తర్కానికి అందేలా చూపుతుందని 1979లో వెలువడిన గ్రంథంలో డార్కో సువిన్ నిర్వచించాడు.

ఈ మూడింటిలో తొదొరోవ్ మాట మన ప్రాచీన కథలకు అంతగా అతకదు. బేతాళుడు నిజమా, భ్రమా అని విక్రమార్కుడు సందేహించడు. కథ వినేవారూ సందేహించరు. ఆ సందిగ్ధం మన దగ్గర ఆధునిక నవలలోనే కనిపిస్తుంది. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'లో వైద్యమూ మంత్రమూ పక్కపక్కనే నడుస్తాయి. ఆ నవలపై చెలరేగిన వాదోపవాదాలకు ఒక కారణం ఈ సందిగ్ధమే. చదువుకున్న పాఠకుడి శాస్త్రజ్ఞానాన్నీ, అతడి భయాన్నీ అది ఒకే గదిలో కూర్చోబెట్టింది. నవలను సమర్థించినవారూ, ఖండించినవారూ ఎక్కువగా మూఢనమ్మకం గురించే మాట్లాడారు. దాని నిర్మాణం గురించిన చర్చ అంతగా జరగలేదు.

చదువుతున్న కొద్దీ నా నోటు పుస్తకంలో మూడు ప్రశ్నలు పదేపదే వచ్చాయి. వాటినే ఇక్కడ ప్రమాణాలుగా ప్రతిపాదిస్తున్నాను.

నియమం: అద్భుతం దేనికి లోబడి ఉంది? అది ఏమి చేయగలదు, ఏమి చేయలేదు?

మూల్యం: ఆ అద్భుతాన్ని పొందినవారు గాని, వారి తరఫున మరొకరు గాని ఏమి చెల్లించారు?

శేషం: అద్భుతం తొలగిపోయాక ఆ లోకంలో, పాత్రలో, పాఠకుడిలో ఏమి మిగిలింది?

ఈ మూడూ మన కథాసంప్రదాయంలో ఎప్పటినుండో ఉన్నవే. బేతాళ కథ చట్రమే ఇందుకు సాక్ష్యం. తెలిసి సమాధానం చెప్పకపోతే తల పగులుతుంది. చెప్తే మౌనం భంగమై శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. నియమం ఒక్క వాక్యంలో ఉంది. మూల్యం శ్రమ రూపంలో ఉంది. శేషంగా ప్రతి కథ చివరా ఒక ధర్మసందేహం మిగులుతుంది. సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఇరవై అయిదు కథలకు సరిపోయిన ఈ చట్రం, చందమామలో దశాబ్దాల పాటు కొత్త కథలను మోసింది. మంచి నియమానికి ఉన్న బలం అది.

3. కళాపూర్ణోదయం: నేను మార్చుకున్న అభిప్రాయం

పింగళి సూరన రచించిన ఎనిమిది ఆశ్వాసాల కళాపూర్ణోదయాన్ని తెలుగులో తొలి కల్పిత కథాకావ్యాలలో ఒకటిగా చదువుకున్నాం, బోధిస్తున్నాం. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల ఆంగ్లానువాదం 2002లో వెలువడిన తర్వాత దాని కథన నిర్మాణంపై కొత్త ఆసక్తి కలిగింది. బ్రహ్మ సరస్వతితో సరసంగా ఒక కథ చెబుతాడు. ఆ కథలోని మనుషులు తర్వాత భూమి మీద పుడతారు, కథలో చెప్పినట్లే జీవిస్తారు. చివరికి పసిబిడ్డగా ఉన్న మధురలాలస పూర్వజన్మ స్మృతితో ఆ కథను విప్పి చెబుతుంది. మనం ముందు చదివినది తర్వాత జరిగినదని, తర్వాత చదివినది ముందు జరిగినదని అప్పుడు అర్థమవుతుంది.

ఏడాది ఆరంభంలో దీన్ని మళ్ళీ చదివినప్పుడు, ఇది నాలుగు వందల ఏళ్ళ కిందటి కాలయాన కథ అని నోటు పుస్తకంలో రాసుకున్నాను. సభలలో చప్పట్లు తెచ్చే వాక్యమది. ఏడాది చివరలో టెడ్ చియాంగ్ 1998లో ప్రచురించిన 'స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్' చదివాక ఆ వాక్యాన్ని కొట్టివేశాను.

చియాంగ్ కథలో ఒక భాషాశాస్త్రవేత్త గ్రహాంతరవాసుల లిపిని నేర్చుకుంటుంది. ఆ లిపిలో వాక్యానికి మొదలూ తుదీ ఒకేసారి రూపుదిద్దుకుంటాయి. దానిని నేర్చుకునే కొద్దీ ఆమె మనసు కాలాన్ని చూసే తీరు మారుతుంది. తనకు పుట్టబోయే కూతురు చిన్న వయసులోనే మరణిస్తుందని ఆమెకు ముందే తెలుస్తుంది. తెలిసీ ఆ బిడ్డను కంటుంది.

ముందే తెలిసిన కథను జీవించడం ఈ రెండు రచనలకూ సమానం. భాషే అందుకు సాధనం కావడం కూడా సమానమే. పోలిక అంతటితో ఆగుతుంది. సూరన లోకంలో వాక్కు సంఘటనను పుట్టిస్తుంది, చెప్పడమే జరగడం. చియాంగ్ లోకంలో భాష సంఘటనను పుట్టించదు, దాన్ని చూసే చూపును మారుస్తుంది. మొదటిది వాక్కు సృష్టిశక్తి అన్న విశ్వాసం మీద నిలిచింది. రెండవది భాష ఆలోచనను మలుస్తుందన్న ఒక శాస్త్రీయ ఊహను చివరికంటా సాగదీసింది. మూల్యం దగ్గర ఈ భేదం ఇంకా స్పష్టమవుతుంది. కళాపూర్ణోదయంలో చిక్కులన్నీ విడిపోయి కథ శుభంగా ముగుస్తుంది. చియాంగ్ కథలో తెలిసిన దుఃఖం తెలిసినట్లే జరుగుతుంది. అక్కడ జ్ఞానమే మూల్యం.

కనుక సూరనను వైజ్ఞానిక కల్పనకు పూర్వికుడిగా నిలబెట్టడం ఆయనకు గౌరవం చేయడం కాదు. మన పూర్వులు అన్నీ ముందే చేశారన్న తొందరపాటు ధోరణికి అది సాహిత్య రూపం మాత్రమే. సూరన గొప్పతనం ఆయన సొంత నియమంలో ఉంది. రంభ రూపం ధరించిన కలభాషిణి, నలకూబరుడి రూపం ధరించిన మణికంధరుడు ఎదురుపడి, ఎదుటివారు అసలువారేనని ఇద్దరూ నమ్మే ఘట్టాన్ని చూడండి. కోరుకున్న రూపం దొరికింది. కోరుకున్న మనిషి దొరకలేదు. ఇద్దరూ మోసం చేశారు, ఇద్దరూ మోసపోయారు. కామరూపం అనే పాత పౌరాణిక సామగ్రిని తీసుకుని, మనిషి ప్రేమించేది రూపాన్నా, రూపం వెనుక ఉన్నవారినా అని సూరన అడిగాడు. ఈ ప్రశ్నకు యంత్రం అక్కరలేదు. పాత కావ్యాన్ని కొత్త శాస్త్రానికి సాక్షిగా పిలిచినప్పుడు అది తన సొంత సాక్ష్యం చెప్పే అవకాశం కోల్పోతుంది.

4. కాశీమజిలీల నుండి చందమామ దాకా: పేరు లేని రచయిత

మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడనే యతి కాశీయాత్రకు తోడుగా ఒక గోపాలకుణ్ణి వెంటబెట్టుకుంటాడు. అడిగినప్పుడల్లా కథ చెప్పాలన్నది ఆ కుర్రవాడి షరతు. దారిలో వాడు వింతను చూపి అడుగుతాడు, మణి మహిమతో గురువు దాని కథ తెలుసుకుని చెబుతాడు. జ్ఞానం ఉన్నది గురువు దగ్గర; దాన్ని కదిలించే అధికారం ఉన్నది పశువుల కాపరి దగ్గర. అడిగేవాడు లేకపోతే మణి మూగది. అద్భుతానికి ఆధారం శ్రోత కుతూహలమన్న ఈ నియమాన్ని నేను బాల్యంలో గమనించలేదు. ఈ ఏడాది అదే ముందుగా కంటపడింది. తరగతిలో ప్రశ్న అడగని రోజు పాఠం ఎలా ఉంటుందో తెలిసినవారికి ఆ షరతు విలువ వేరే చెప్పనక్కరలేదు.

1947 జూలైలో మొదలైన చందమామలో, 1950ల నుండి 1970ల దాకా పాఠకులను నెలనెలా ఎదురుచూసేలా చేసినవి దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు: తోకచుక్క, మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూకమాంత్రికుడు. చిత్రా బొమ్మలు వాటికి రూపమిచ్చాయి. ఈ రచనలు పత్రికలో రచయిత పేరు లేకుండానే వెలువడ్డాయి. కొన్ని తరాల తెలుగు పాఠకుల ఊహాలోకాన్ని తీర్చిదిద్దిన మనిషి పేరు ఆ పాఠకులలో చాలామందికి చాలా కాలం తర్వాత గాని తెలియలేదు.

వీటిని వరుసగా చదివితే మూడు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, కథానాయకులు తరచుగా జంటగా ఉంటారు. మాయాసరోవరంలో జయశీలుడూ సిద్ధసాధకుడూ, యక్షపర్వతంలో ఖడ్గవర్మా జీవదత్తుడూ అలాంటివారే. ఒకరికి లేనిది మరొకరిలో ఉంటుంది. సాహసం స్నేహానికి పరీక్ష అవుతుంది. రెండు, మాంత్రికుడి శక్తికి ఎప్పుడూ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దును కనిపెట్టే పని బలానికి గాక బుద్ధికి దక్కుతుంది. మూడు, నిధి గాని, రాజ్యం గాని దొరికినంత మాత్రాన కథ విలువ పెరగదు. దారిలో ఎవరిని నమ్మారు, ఎవరిని వదలలేదు అన్నదే గుర్తుండిపోతుంది.

వీటిలో లోపాలు లేవని కాదు. స్త్రీ పాత్రలు ఎక్కువగా రక్షింపబడవలసిన రాకుమార్తెలు. అడవిలో నివసించే జాతులు వింత ఆచారాల గుంపులుగా వస్తాయి. నేడు వీటిని తరగతిలో చెప్పేవారు ఈ సంగతులను దాటవేయకూడదు. అయితే లోపాలు ఉన్నాయని చెప్పాలన్నా ముందు వాటిని సాహిత్యంగా చదవాలి కదా! మనం ఆ పని కూడా చేయలేదు. పొగడ్తకైనా తెగడ్తకైనా అవి విమర్శ గుమ్మం ఎక్కింది తక్కువ.

ఇక్కడ ఒక విరోధాభాసాన్ని గుర్తు చేయాలి. 'చదువు' నవలతో తెలుగు వాస్తవిక నవలకు బలమైన పునాది వేసినవారిలో ఒకరైన కొడవటిగంటి కుటుంబరావే, 1980లో మరణించేవరకు దీర్ఘకాలం చందమామను తీర్చిదిద్దారు. హేతువాది, మార్క్సిస్టు అయిన ఆ రచయితకు మాంత్రికుల కథలు చేతికి మసి అంటించలేదు. ఆయన కృషిలో ఒక సగాన్ని పాఠ్యప్రణాళికలో పెట్టుకుని, రెండవ సగాన్ని బయట ఉంచిన విభజన ఆయనది కాదు, మనది.

5. హాహాహూహూ: అద్భుతాన్ని బోనులో పెట్టిన లోకం

విశ్వనాథ సత్యనారాయణ 'హాహాహూహూ'లో గుర్రపు ముఖం గల ఒక గంధర్వుడు లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడిపోతాడు. నగరం గుమికూడుతుంది. అతడిని బోనులో పెడతారు. పండితులు, శాస్త్రవేత్తలు అతడు మనిషా, జంతువా, మరొకటా అని తర్కిస్తారు. చివరికి అతడు తన లోకానికి ఎగిరిపోతాడు.

గ్రహాంతరవాసి భూమి మీద పడిన కథలు ఇంగ్లీషులో ఎన్నో ఉన్నాయి. వాటి మధ్య ఈ చిన్న నవలను చదివినప్పుడు దీని మెలిక స్పష్టమైంది. ఇందులో నియమాలు గంధర్వుడికి లేవు. అతడిని చూసేవారికి ఉన్నాయి. ప్రతి వస్తువునూ తమకు తెలిసిన వర్గంలో చేర్చాలన్న పట్టుదలే ఆ లోకపు నియమం. వలస పాలన కాలంలో మన భాషలను, మనుషులను, గ్రంథాలను జాబితాలకెక్కించిన చూపును విశ్వనాథ సామ్రాజ్య రాజధాని నడిబొడ్డున నిలబెట్టి నవ్వించారు. సువిన్ చెప్పిన అపరిచయీకరణ ఇక్కడ పూర్తిగా జరిగింది: మన లోకం మనకే వింతగా కనిపించింది. అయినా దీన్ని వైజ్ఞానిక కల్పన అనలేం. గంధర్వుడి వైపు ఉన్న జ్ఞానం తర్కానికి లోబడదు. తర్కమే తన పరిమితిని తెలుసుకోవాలని రచయిత ఉద్దేశం. ఆ ఉద్దేశంతో ఏకీభవించకపోవచ్చు. నేను పూర్తిగా ఏకీభవించను. పాశ్చాత్య శాస్త్రాన్ని ఎగతాళి చేసే తొందరలో మన సంప్రదాయాన్ని ప్రశ్నకు అతీతంగా నిలిపే ప్రమాదం అందులో ఉంది. కాని నవ్వు తగ్గాక మిగిలే శేషం మాత్రం గట్టిది: వివరించలేనిదాన్ని బోనులో పెట్టడం వివరణ కాదు.

పరిశోధకుడికి ఈ మాట నేరుగా తగులుతుంది. చందమామ ధారావాహికలను మనం బాలసాహిత్యమనే బోనులో పెట్టి తాళం వేశాక, లోపల ఏముందో చూడటం మానేశాం.

6. వైజ్ఞానిక కల్పన: యంత్రం దుస్తులా, దేహమా?

మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' 1818లో వెలువడింది. దాన్ని చదవనివారికి కూడా ఆ పేరు తెలుసు. అయితే అది సృష్టించినవాడి పేరని, సృష్టింపబడినవాడికి పేరే లేదని చాలామందికి తెలియదు. నవల వేదన అంతా ఆ పేరు లేకపోవడంలోనే ఉంది. విక్టర్ ఒక ప్రాణిని పుట్టించి, చూసి భయపడి, వదిలి పారిపోతాడు. ఆ ప్రాణి ఒక కుటుంబాన్ని చాటుగా గమనిస్తూ భాష నేర్చుకుంటుంది, స్నేహం కోరుతుంది, తిరస్కారం పొందుతుంది. మూల్యం చెల్లించినది ముందు ఆ ప్రాణి, తర్వాత విక్టర్ ఆత్మీయులు, చివరికి విక్టర్. శాస్త్రం తప్పని ఈ నవల చెప్పలేదు. పుట్టించినదాని బాధ్యత వదిలేయడం తప్పని చెప్పింది.

భారతదేశంలో ఈ కోవ ఆలస్యంగా మొదలైందన్న నా తొలి అభిప్రాయం కూడా ఇక్కడే సడలింది. జగదీశ్ చంద్ర బోస్ 1896లోనే బెంగాలీలో ఒక కథ రాశాడు. అందులో ఒక సీసాడు తలనూనె సముద్రం మీది తుఫానును అణచివేస్తుంది. ద్రవాల తలతన్యతను హాస్యంగా వాడుకున్న కథ అది. 1905లో రొకేయా సఖావత్ హుస్సేన్ ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' మన మద్రాసు నుండి కమలా సత్యనాథన్ సంపాదకత్వంలో వెలువడిన 'ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. అందులోని స్త్రీల రాజ్యంలో పురుషులు పరదాలో ఉంటారు. స్త్రీల విశ్వవిద్యాలయాలు మేఘాల నుండి నీటిని గ్రహిస్తాయి, సూర్యతాపాన్ని నిల్వ చేస్తాయి. శత్రుసేన వచ్చినప్పుడు ఆ తాపాన్నే గురిపెట్టి తరిమివేస్తాయి.

ఈ కథను చదివిన రోజు నోటు పుస్తకంలో ఒక పరీక్ష రాసుకున్నాను: కథలోని యంత్రాన్ని తీసివేసి, ఆ చోట మంత్రదండాన్ని పెట్టి చూడాలి. కథ మారకపోతే యంత్రం కేవలం దుస్తులు. కథ కూలిపోతే యంత్రం దాని దేహం. సుల్తానా స్వప్నంలో సూర్యతాపానికి బదులు మంత్రదండం పెడితే కథ అర్థమే పోతుంది. ఎందుకంటే, స్త్రీలకు చదువు దొరికితే ఏమి జరుగుతుందన్నదే అక్కడి ప్రశ్న. దండం వరంగా దొరుకుతుంది. ప్రయోగశాల చదువుతో గాని రాదు.

ఇదే పరీక్షను మన తెర మీదికి తెచ్చి చూద్దాం. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన 'ఆదిత్య 369'కు ప్రేరణ హెచ్.జి. వెల్స్ 1895లో ప్రచురించిన 'ది టైమ్ మెషిన్'. వెల్స్ ప్రయాణికుడు భవిష్యత్తుకు వెళ్ళి, తన కాలపు ధనిక, శ్రామిక వర్గాల చీలిక రెండు వేర్వేరు జాతులుగా గట్టిపడటం చూస్తాడు. ఆదిత్య 369 ప్రయాణికులు ముందు 1526లో శ్రీకృష్ణదేవరాయల కొలువుకు, తర్వాత 2504కు వెళతారు. రాయల కాలం భాగంలో యంత్రానికి బదులు మాయకంబళి ఉన్నా పెద్ద తేడా రాదు. అక్కడి ఆనందం గతాన్ని కళ్ళారా చూడటంలో ఉంది. భవిష్యత్తు భాగంలో మాత్రం యంత్రం అవసరమైంది. అక్కడి భయం శాస్త్రం పెట్టిన భయం. మనకు గతం పండుగ, భవిష్యత్తు ప్రమాదం. తెలుగు ఊహలోని ఈ అసమతౌల్యాన్ని ఆ ఒక్క చిత్రంలోనే చూడవచ్చు. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లో కూడా భవిష్యత్తు మహాభారతం చేయి పట్టుకునే నడిచింది. మిగిలిన చివరి నగరం మళ్ళీ కాశీయే అయింది. ఇది లోపమని నేను అనను. అయితే గతం సాయం లేకుండా భవిష్యత్తును ఊహించే సాహసం మన కల్పనకు ఇంకా మిగిలే ఉందని మాత్రం అంటాను.

ఒక జాగ్రత్త చెప్పాలి. దుస్తులా, దేహమా అన్న పరీక్ష రకాన్ని తేల్చుతుంది గాని, విలువను తేల్చదు. యంత్రం దుస్తులైన కథ మంచి అద్భుత కథ కావచ్చు. ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'లో యంత్రమే లేదు. వస్తువు నిజనామం తెలిసినవారికి ఆ వస్తువు మీద అధికారం వస్తుందన్నది అక్కడి నియమం. గర్వంతో ఒక యువ మాంత్రికుడు చీకటి నీడను లోకంలోకి వదిలి, దానికి భయపడి పారిపోయి, చివరికి తనే దాన్ని వెంటాడి, తన పేరుతోనే పిలుస్తాడు. నియమం, మూల్యం, శేషం ఇంత పొందికగా కుదిరిన రచన ఈ ఏడాది నేను మరొకటి చదవలేదు.

7. ప్రమాణాలు చాలని చోటు

ఫిబ్రవరిలో ఒక రాత్రి ఇంట్లో అందరితో కలిసి 'మాయాబజార్' మళ్ళీ చూశాను. ఎన్నోసారో లెక్క లేదు. 1957 నాటి ఆ చిత్రంలో ఘటోత్కచుడి మాయకు చెప్పుకోదగిన నియమం లేదు. ఎవరూ పెద్దగా మూల్యం చెల్లించరు. కపటం చేసినవారు నవ్వులపాలవుతారు, అంతే. నా ప్రమాణాల ప్రకారం అది బలహీనమైన అద్భుతం కావాలి. గదిలో పిల్లలూ పెద్దలూ ఒకేసారి నవ్వుతుంటే ఆ మాట అనడానికి నోరు రాలేదు.

దీనికి సమాధానం భరతుడి దగ్గర దొరికింది. అద్భుతం రెండు విధాలని, ఒకటి దివ్యమైనదాని దర్శనంతో కలిగేదని, రెండవది ఆనందంతో కలిగేదని ఆయన విభజించాడు. నా మూడు ప్రమాణాలూ మొదటి దానికి, అంటే శక్తి రూపంలో వచ్చే అద్భుతానికి వర్తిస్తాయి. శక్తి ఉన్నచోట దాని హద్దును, ఖరీదును అడగాలి. ఆనంద రూపంలో వచ్చే అద్భుతానికి లెక్క అడగడం పెళ్ళి భోజనంలో బిల్లు అడగడం లాంటిది. ఈ తేడా తెలియని విమర్శ రెండు వైపులా తప్పు చేస్తుంది: ఆనందాన్ని ప్రయోజనం అడిగి గద్దిస్తుంది, శక్తిని ఆనందమనుకుని వదిలేస్తుంది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. అద్భుత కల్పనకూ వైజ్ఞానిక కల్పనకూ మధ్య గీత మంత్రం, యంత్రం అనే వస్తువుల వల్ల ఏర్పడదు. అద్భుతం వరంగా వచ్చిందా, తర్కానికి అందే దారిలో వచ్చిందా అన్నదాన్ని బట్టి ఏర్పడుతుంది.

2. కళాపూర్ణోదయం వంటి కావ్యాలకు ఆధునిక ప్రక్రియల బిరుదులు తగిలించడం కన్నా, వాటి సొంత నియమాన్ని వివరించడం విమర్శకు మేలు చేస్తుంది.

3. చందమామ ధారావాహికలను రచయిత, చిత్రకారుడు, ప్రచురణ క్రమం వివరాలతో పట్టికకెక్కించి, వాటి కథన నిర్మాణాన్ని, స్త్రీ పాత్రలను, అటవీ జాతుల చిత్రణను విమర్శనాత్మకంగా పరిశీలించవలసిన అవసరం ఉంది.

4. తెలుగు కల్పనలో గతం వైపు ఉన్న మొగ్గును, భవిష్యత్తు పట్ల ఉన్న జంకును సాహిత్యం, చలనచిత్రం రెండింటినీ కలిపి అధ్యయనం చేయాలి.

5. స్నాతకోత్తర స్థాయి పాఠ్యప్రణాళికలో ఈ రచనలకు కనీసం ఒక యూనిట్ కేటాయించడం సమంజసం.

ఇక, సమావేశంలో వినిపించిన ప్రశ్న: ఇందులో సామాజిక ప్రయోజనం ఏముంది? ఆ ప్రశ్న తప్పు కాదు. అడిగిన సమయం తప్పు. రచనను చదివాక అడగవలసినదాన్ని చదవకుండా ఉండటానికి అడిగాం. ఇప్పుడు నాకు తోచే సమాధానం ఇది. మన చేతిలోకి రోజుకో కొత్త శక్తి వస్తున్నది. ఆ శక్తికి హద్దు ఏమిటి, దాని ఖరీదు ఎవరు చెల్లిస్తారు, అది పోయాక ఏమి మిగులుతుంది అని అడగడం పౌరుడిగా నేర్చుకోవలసిన మొదటి పాఠం. మణిసిద్ధుణ్ణి ప్రశ్నలతో నడిపించిన పశువుల కాపరి, బేతాళుడికి జవాబు చెప్పి మళ్ళీ చెట్టు దగ్గరికి నడిచిన రాజు ఆ పాఠాన్ని మనకు పదేళ్ళ వయసులోనే చెప్పారు.

ఈ మాట ఆ రోజు ఆ విద్యార్థిని పక్షాన చెప్పవలసింది. ఏడాది ఆలస్యంగానైనా, రాబోయే విద్యార్థుల ప్రతిపాదనలకు పనికివస్తుందన్న ఆశతో ఇక్కడ నమోదు చేస్తున్నాను.